ఇంట్లో ఉండాల్సిన గొంతు

సువర్ణకి పుట్టుకతోనే చూపు లేదు. అమలాపురంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఫోను మూడోసారి మోగేలోపు ఎత్తాలన్నది తనకి తాను పెట్టుకున్న నియమం, ఏ ఆఫీసరూ అడిగింది కాదు. అవతలి మనిషి "హలో" అంటే చాలు, ఎవరో, అన్నం తిన్నారో లేదో, ఇంట్లో పోట్లాడి వచ్చేరో కూడా పోల్చేది. అడిగినవాళ్లకి లైను కలిపేది, వెంటనే తను తప్పుకునేది. కలిపాక వినకూడదు, అది మర్యాద. ఆలోచిస్తే చిత్రమైన కొలువు. వంతెనలు లేని రోజుల్లో గోదావరి మీద పడవ నడిపినవాళ్లదీ ఇదే బతుకు. లోకాన్నంతా దాటించి, తాము ఏ ఒడ్డుకీ చెందకుండా నీళ్ల మీదే ఉండిపోయేవారు.

రిటైరైన మర్నాటి నుంచి గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మిగిలినవి రెండే. ఒకటి పాపాయమ్మది. ఆఫీసులో అటెండరుగా చేసి, రోజూ బస్సు దిగేచోటు నుంచి సువర్ణని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి. ఇప్పుడు అంతర్వేదిలో ఉంటోంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫోను చేస్తుంది. రెండోది లాప్‌టాప్‌లోది. తెర మీద ఉన్నదల్లా పైకి చదివి పెడుతుంది, పేపరైనా పుస్తకమైనా. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుండే మొరటు గొంతు. సుఖానికీ దుఃఖానికీ ఒకటే వరస. పదకొండేళ్లు దాంతోనే సువర్ణ చరిత్రలూ యాత్రలూ నవలలూ ఎన్నో చదివింది.

ఈ వానలకి ఆ లాప్‌టాప్ చచ్చిపోయింది. కొత్తది కొనాలి. కొనడం కష్టం కాదు, అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టించుకోవాలన్నదే వచ్చిన చిక్కు. ఎందుకంటే దాన్ని బట్టే ఇంట్లో ఉండే గొంతు మారుతుంది.

గడియార స్తంభం దగ్గర కంప్యూటర్ల షాపు శ్యామ్ బాబుది. చర్చిలో ఆదివారం ఆరాధనకి సువర్ణ పాడుతుంటే తబలా వాయించేది అతనే.

"మాక్ వద్దులెండి సువర్ణమ్మగారూ. అది పాడైతే విప్పడం నాకే రాదు. మిగిలినవి రెండండి. విండోస్ అయితే మీ వేళ్లకి అలవాటైన షార్ట్‌కట్లే. పైగా కొత్త తెలుగు గొంతొకటి వచ్చిందండి, ఆడమనిషిది. లినక్స్ అయితే మీ పాత గొంతే ఉంటది గానీ, షార్ట్‌కట్లు మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలండి."

"ఈ వయసులో మళ్లీ ఓనమాలు దిద్దాలా బాబూ?"

"అందుకేనండి, నన్నడిగితే విండోసే. అయినా రెండు లాప్‌టాప్‌ల్లో చెరొకటి వేసిస్తాను, రెండూ పట్టుకెళ్లండి. వాడి చూసి ఏది కావాలో చెబుదురుగాని."

ముందు లినక్స్ తీసింది. రెండు రోజులు నరకం. ఒక మీట నొక్కబోయి ఇంకోటి నొక్కితే చదువుతున్న పేజీ మాయమయ్యేది. దాన్ని వెతుక్కునేసరికి గొంతు ఆగిపోయేది. "నీ దుంప తెగ" అని తిట్టి, పెట్టెలో పెట్టేసింది.

శనివారం పొద్దున్న రెండోది తెరిచింది. ఆ గొంతు విని సువర్ణ కుర్చీలో సర్దుకు కూర్చుంది. కామా దగ్గర ఆగుతోంది. వాక్యం చివర ఊపిరి తీసుకుంటున్నట్టుంది. ఎవరో పక్కన కూర్చుని ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుతున్నట్టే. పాత అలవాటు కొద్దీ ఏ వైపు మనిషో పోల్చబోయింది. రాజోలు వైపా? కాదు. కాకినాడా? అదీ కాదు. అన్నం తిందో లేదో మాత్రం ఎంత విన్నా తెలియలేదు. సాయంత్రానికల్లా ఆ గొంతుకి "ఆయ్, ఆయ్" అని ఊ కొట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, మళ్లీ కథ పెట్టుకుంది. కథ మంచి పట్టులో ఉండగా ఫోను మోగింది. ఈ పేరా కాస్తా అవనీ అనుకుంది సువర్ణ. రెండు, మూడు, నాలుగు... మోగి మోగి ఆగిపోయింది. పేరా అయింది, ఇంకో పేరా మొదలైంది. అరగంట తరవాత కథ అయిపోయాక గాని, తను చేసిన పనేమిటో తెలియలేదు. ఫోను అందుకోబోయేలోపే అది మళ్లీ మోగింది, వెంటనే ఎత్తింది.

"ఏంటండీ సువర్ణమ్మగారూ, ఒంట్లో బాగానే ఉందా? మీ ఫోను నాలుగోసారి మోగగా వినడం నా జన్మలో ఇదేనండి!"

"ఎవరో... వచ్చేరు పాపాయమ్మా."

"ఆయ్! ఎంత మంచి మాట చెప్పేరు. ఎవరండీ?"

సువర్ణ చెయ్యి చాచి లాప్‌టాప్ మూత వేసేసింది.

"పోనీలెండి, ఎవరైతే ఏం. మనుషులంటూ వచ్చేరు కదా. టీ పెట్టిచ్చేరా?"

"ఇచ్చేను."

"ఇంకా ఉన్నారా? అయ్యో, వాళ్లనలా కూర్చోబెట్టి మనం కబుర్లాడుకుంటే ఏం బాగుంటదండీ? ఉంటాను."

పెట్టేసింది. సువర్ణ జీవితమంతా చేసిన పనే పాపాయమ్మ చేసింది: కలిపింది, తప్పుకుంది. ఎవరితో కలిపిందో పాపం ఆవిడకి తెలియదు.

సోమవారం శ్యామ్ బాబు తన చెవుల్ని తనే నమ్మలేదు.

"లినక్సా! తిట్టుకున్నారు కదండీ? పోనీ, పాత గొంతే కావాలంటే విండోస్‌లో కూడా వేసిస్తాను. రెండూ ఉంటాయండి. మీకు నేర్చుకునే బాధా ఉండదు."

"రెండూ ఉంటే నా చెయ్యి ఎప్పుడూ ఆ కొత్తదాని మీదకే పోద్ది బాబూ."

"పోతే పోనివ్వండి. గొంతు బాగోలేదా ఏంటి?"

"బాగుంది. అందుకే వద్దంటున్నాను."

"మీతో మేం గెలవలేమండి," అని నవ్వి, లినక్స్ పెట్టె చేతికందించాడు.

వారం రోజుల్లో పద్నాలుగు షార్ట్‌కట్లు వచ్చాయి. ఆదివారం రెండున్నరకి గులకరాళ్ల గొంతుని వాక్యం మధ్యలో ఆపేసి, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కింద వీధిలో ముమ్మిడివరం ఆటోవాడు మనుషుల కోసం కేకేస్తున్నాడు. మూడైంది. మూడుంపావు అయింది. మోగలేదు. ఇంట్లో చుట్టాలింకా ఉన్నారనుకుని, మాటలకి అడ్డం రాకూడదని పాపాయమ్మ ఆగిపోయి ఉంటుంది. తను చెప్పిన అబద్ధమే అడ్డం కూర్చుంది.

అందరికీ లైను కలిపిన మనిషే గాని, ఊరికే మాట్లాడదామని తనంతట తాను ఎవరికీ ఫోను చేసి ఎరగదు. ఏమని మొదలుపెట్టాలో కూడా తెలియదు. "ఎవరూ రాలేదు పాపాయమ్మా" అనాలి, అంతే. నంబరు నొక్కి చెవికి ఆనించుకుంది.

ఒకసారి మోగింది. రెండోసారి. మూడోసారి. నాలుగోసారి కూడా మోగింది. సువర్ణ పెట్టెయ్యలేదు.