వెయ్యేళ్ల రాజ్యంలో మా అత్తకు ఇల్లు

మా బావ తాపీ మేస్త్రీ. బావ అంటే మా ఆయనకు అన్న. ఆయన కట్టిన గోడ పక్కన గుండు దారం వేలాడదీస్తే దారమే వంకరగా ఉందేమో అనిపిస్తుంది, అంత నిటారుగా కడతాడు. మనిషి కూడా అలాంటివాడే, ఏ పక్కకూ వంగడు. ఆయన యేసును నమ్ముకున్నాక యేసుకు కూడా కొంచెం కష్టమైందని మా ఆయన అంటాడు. మా ఆయన ఇప్పటికీ బోనాలకు వేపాకు తేవడానికి తిరిగే మనిషి. నేను రెండు పక్కలా ఉన్నదాన్ని. పొద్దున దీపం పెడతాను, ఆదివారం బావ ప్రార్థనకు చాయ్ పెడతాను.

మేముండేది ముంబయి కామాటిపురలో, ఫాక్‌లాండ్ రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో. వరస గదుల పాత చాల్. మాకొక ఖోలీ, అంటే ఒక్క గది, ఆనుకునే బావకొక ఖోలీ, రెండింటికీ కలిపి ముందర గ్యాలరీ. మా అత్త పగలు గ్యాలరీలో, రాత్రి ఏ కొడుకు మీద కోపం లేకపోతే ఆ కొడుకు ఖోలీలో.

మా అత్త వయసులో పాలమూరు పక్క నుంచి వచ్చి ఈ ఊళ్లో తట్ట మోసింది. బస్సులో పోతుంటే కిటికీలోంచి వేలు చూపిస్తుంది. అదిగో ఆ నీలం అద్దాల బిల్డింగ్, దానికి ఇసుక నేనే మోసిన. అదిగో ఆ ఆసుపత్రి, దాని మెట్లకు రాయి నేనే మోసిన. ఆమెతో బస్సెక్కితే సగం ముంబయి ఆమెదే అనిపిస్తుంది, దిగేదాకా. ఒకసారి తాను మోసిన బిల్డింగ్ పూర్తయ్యాక లోపల వంటగది ఎట్లా వచ్చిందో చూద్దామని పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరింటికి వచ్చావని అడిగాడు. వచ్చిన దారినే తిరిగి వచ్చింది. ఆ సంగతి నాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పింది, ఆ తర్వాత ప్రతి వానాకాలం చెప్పింది.

అందుకే బావ ఒకరోజు ఆమెకు వాక్యం చదివి వినిపించినప్పుడు, ఆమె పట్టుకున్నది ఒకే ఒక్క సంగతి. రాబోయే రాజ్యంలో ఇల్లు కట్టినవాళ్లే ఆ ఇంట్లో ఉంటారట. ఒకరు కడితే ఇంకొకరు కాపురం ఉండటం అక్కడ ఉండదట. మా అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటున్నది, చేట పక్కన పెట్టేసింది. మళ్లీ చదవమన్నది. ఆ మాట కోసమే ఆమె ప్రార్థనకు కూర్చోవడం మొదలుపెట్టింది. మిగతా వాక్యం వచ్చినప్పుడు కునికేది.

అంతకు ముందు ప్రార్థన చేయడానికి వచ్చే ఒక అయ్యగారు ఆమెతో, రాజ్యం ఎక్కడో లేదవ్వా, ఇప్పుడే మన గుండెలో ఉంది అని చెప్పాడు. మా అత్త మర్యాదగా విని, గుండెలో ఉంటే వానకు కారదు, మంచిదే, కానీ అండ్ల కాళ్లు చాపుకొని పండలేం కద అయ్యా అన్నది. అయ్యగారు చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఈ విషయంలో బావ తల్లి పక్షమే. ఆయన దాదర్‌లో ఒక తెలుగు పెద్దాయన దగ్గర ఆదివారాలు పాఠం నేర్చుకున్నాడు. ఆ పెద్దాయన చెప్పే పద్ధతి మేస్త్రీకి అచ్చంగా సరిపోయింది. వాక్యం అంటే ప్లాన్ లాంటిది. ప్లాన్‌లో కిటికీ అని రాసుంటే కిటికీ పెట్టాలి, కిటికీ అంటే మనసులోని వెలుతురు అని గోడ మూసేయకూడదు. సింహాసనం అంటే సింహాసనమే. యెరూషలేము అంటే ఆ ఊరే. వెయ్యేళ్లు అంటే వెయ్యేళ్లే.

అదంతా అందరికీ ఒక్క చూపులో తెలియాలని బావ ఒక పటం గీశాడు. రెండు దుప్పట్లు కలిపి నాతోనే కుట్టించాడు. గోడకు గీత కొట్టే దారాన్ని నీలిమందులో ముంచి, ఆ చివర నేను పట్టుకుంటే ఈ చివర ఆయన లాగి వదిలేవాడు, టప్పున గీత పడేది. అలా ఏడు యుగాలకు ఏడు గదులు. చేతివాటం పోదు కదా, ప్రతి గదికీ గోడ మందం కూడా చూపించాడు. ఒక్కో యుగంలో దేవుడు మనుషులకు ఒక ఇంటి పెత్తనం అప్పజెప్పాడు, వాళ్లు పాడుచేశారు, ఆయన వచ్చి చూసి ఇంకో ఏర్పాటు చేశాడు. నిర్దోషంగా ఉన్న కాలం, మనస్సాక్షి కాలం, అలా వరసగా వచ్చి ధర్మశాస్త్రం, కృప, ఆఖరికి రాజ్యం. రాజ్యం గది అన్నిటికన్నా పెద్దది, రంగు కూడా వేశాడు. కృప గదిలోంచి నమ్మినవాళ్లను ఎత్తుకుపోయే ఒక బాణం పైకి పోతుంది, ఇంకో బాణం కిందికి వస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రార్థనకని తీస్తే ఆ పటం ఖోలీలో పట్టలేదు. గ్యాలరీ గోడకు, ఈ చివర నుంచి ఆ చివరకు, మేకులు కొట్టి వేలాడదీశాడు. ఆ వారంలోనే ఎవరో మనుషులు టేపు పట్టుకుని మా చాల్ ఖోలీలు కొలిచి పోయారు. పాత చాల్ పడగొట్టి కొత్త బిల్డింగ్ కడతారన్న మాట మా గల్లీలో నేను కాపురానికి రాక ముందు నుంచీ ఉంది. ఎప్పుడూ ఆ నెలలోనే మొదలవుతుంది, ఎప్పుడూ మొదలుకాదు. కింద నుంచి చూసిన వాళ్లకు పైన గోడ మీద గదులు, గోడల మందం, బాణాలు కనిపించాయి. ఇంకేముంది, కొత్త బిల్డింగ్ ప్లాన్ వచ్చిందని చాల్ మొత్తం మెట్లెక్కింది.

ఎప్పుడూ నలుగురు కూడా రాని ప్రార్థనకు అంతమంది వచ్చేసరికి బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. పిలవకుండా వచ్చారు అని నా చెవిలో అన్నాడు. నేను చాయ్‌కి ఇంకో గిన్నె ఎక్కించాను.

ముందు వరసలో కూర్చున్నది సందు మొగదల మిర్చి బజ్జీలు వేసే అక్క. పక్కన కింది అంతస్తు టైలర్ అన్న. టైలర్ అన్న నేరుగా అడిగాడు, ఇది నిజంగనే ఇస్తరా, ఉత్త మాటనా అని. బావ నిజమే అన్నాడు. మొదట ఎవరికి మాట ఇచ్చారో వాళ్లకే ఇస్తారు, వాళ్ల స్థానంలో ఇంకొకరు దూరడానికి లేదు అన్నాడు. జనం తృప్తిగా తలలూపారు. మరి ఇన్నేళ్లు ఎందుకు ఆగిందని బజ్జీల అక్క అడిగింది. బావ ఉత్సాహంగా చెప్పాడు. ఇయ్యడానికి ఒకసారి వచ్చారు, తీసుకోవాల్సిన వాళ్లే ఒద్దన్నారు, అందుకని వాయిదా పడింది, రద్దు మాత్రం కాలేదు. టైలర్ అన్న తొడ మీద కొట్టుకుని, నేను అప్పుడే చెప్పలేదా, పక్క గల్లీవాళ్లు ఒప్పుకోకనే ఇదంత అన్నాడు.

బావకు పక్క గల్లీ సంగతి అర్థం కాకపోయినా ఊపులో ఉన్నాడు. ఒప్పుకోని కాలానికీ, వచ్చి ఇచ్చే కాలానికీ నడుమ ఒక సందు ఉందని చెప్పాడు. రోడ్డు మీద నుంచి చూస్తే రెండు బిల్డింగులు అతుక్కున్నట్టు కనిపిస్తాయి, దగ్గరికి పోతే నడుమ సందు కనిపిస్తుంది. పాత ప్రవక్తలు దూరం నుంచి చూశారు కాబట్టి రాజు రాకడలు రెండూ కలిసినట్టే కనిపించాయి, నడుమ సందు కనపడలేదు. ఇప్పుడు మనం ఉన్నది ఆ సందులోనే అన్నాడు. అది మాత్రం అందరూ వెంటనే ఒప్పుకున్నారు.

బజ్జీల అక్క లేచి పైకి పోయే బాణం దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది.

“మేస్త్రన్నా, ఈ లిఫ్టుల నా పొయ్యి, బీరువా పడ్తయా?”

“సామాన్ తీస్కపోనియ్యరక్కా,” అన్నాడు బావ. “ఒంటి మీది బట్టలు గూడ ఇక్కడ్నే ఉండిపోతయ్.”

టైలర్ అన్న మెల్లగా, ఇదేం బిల్డర్‌రా నాయనా అన్నాడు. మా ఆయన ఖోలీలోంచి నవ్వడం మొదలుపెట్టాడు, ఆ నవ్వు మెట్ల దాకా పోయింది. బావ అప్పటికి గానీ సంగతి పట్టలేకపోయాడు. సగం మంది దిగిపోయారు. చాయ్ వాసన వచ్చిన సగం మంది ఉండిపోయారు.

ఆ నవ్వుల్లో నవ్వనిది మా అత్త ఒక్కతే. గోడ పట్టుకుని లేచి పటం ముందుకు వచ్చి నిలబడింది.

“కట్టినోళ్లే ఉండే ఇండ్లు ఏడున్నయ్ బిడ్డా?”

బావ రంగు వేసిన పెద్ద గది చూపించాడు.

“అండ్ల నేనేడున్న?”

ఇంకొకరైతే అక్కడే ఉన్నావమ్మా అనేసి పని కానిచ్చేవాళ్లు. మా బావ వంగడు కదా. ఆ మాట ఇశ్రాయేలుకు ఇచ్చిన మాట అని, భూమి మీద వాళ్లకు ఇచ్చిన వాగ్దానాలు వాళ్లకే అక్షరం పొల్లు పోకుండా జరుగుతాయని, మనం యేసును నమ్మిన సంఘం అని, సంఘానిది పరలోకపు పిలుపు అని, మనం పైకి ఎత్తబడతామని, గోడ మందం చూపించినంత శ్రద్ధగా చెప్పాడు. మా అత్త మొత్తం విన్నది. కునకలేదు.

“అంటే ఆ ఇల్లు గూడ నాది కాదు,” అని తన చాయ్ గ్లాసు తీసుకుని నా ఖోలీలోకి వెళ్లి పరదా లాగేసింది.

మరుసటి ఆదివారం ఆమె ప్రార్థనకు రాలేదు. ఆ మరుసటిది కూడా రాలేదు. బావ ఖోలీలో పడుకోవడం మానేసింది. కోపంతో కాదు. కోపం వస్తే ఆమె మాట్లాడుతుంది, ఇప్పుడు మాట్లాడటం లేదు. బస్సులో పోతూ నీలం అద్దాల బిల్డింగ్ వచ్చినప్పుడు నేనే వేలు చూపించాను. ఆమె అటు చూడలేదు.

బావ పనిలో గీతలు తప్పాయి. ఒక గోడ కట్టి మళ్లీ పడగొట్టుకున్నాడని మా ఆయన చెప్పాడు. దాదర్ పోయి పెద్దాయనను అడిగాడు. ఆయన పటం సరిగ్గానే ఉందన్నాడు. నేను ఊరుకోలేక, బావా, ఆ గదికి ఓ పక్క చిన్న తలుపు గీస్తే ఏం పోయింది, అత్త పోయి కూర్చుంటుంది అన్నాను. ప్లాన్‌లో లేని తలుపు నేనెట్ల పెట్టాలె అని ఆయన నన్ను చూసిన చూపు, సిమెంటులో బూడిద కలపమన్నట్టు ఉంది.

పటం మడిచి పెట్టలేదు మాత్రం. తన ఖోలీలో మంచం మీద సగం సగం పరచుకుని రోజూ దాని ముందే కూర్చునేవాడు. ఏ గది ఏ గదితో కలుస్తుందో వేలితో నడిచేవాడు.

ఒక పొద్దున అత్త గ్యాలరీలో బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నేను నల్లా దగ్గర బిందె నింపుతున్నాను. నాకు వినపడాలనే అన్నట్టు గట్టిగా మాట్లాడాడు.

“అమ్మా, నేను పైకి పోయే బాణమే చెప్పిన. కిందికొచ్చే బాణం చెప్పలే.”

అత్త చేట ఆపలేదు. బావ చెప్పుకుపోయాడు. మనం పోయేది నిజమే, కానీ అక్కడే ఉండిపోము. ఇక్కడ ఏడేళ్ల శ్రమకాలం గడిచాక రాజుగా యేసు దిగివస్తాడు, ఆయన వెంట మనం కూడా దిగివస్తాం. ఆ వెయ్యేళ్లూ ఆయనతో కలిసి ఏలేది సంఘమే. నమ్మకంగా పని చేసినవాళ్ల చేతికి ఊళ్లే అప్పజెబుతారు. ఇది నేను కలిపింది కాదు, ప్లాన్‌లో ఉన్నదే అన్నాడు.

“నీకు ఇల్లు గాదమ్మా. ఊరే ఇస్తరు.”

“ఊరు ఇస్తే నేనేం జేస్కోవాలె? నాకు సంతకం గూడ రాదు.”

“ఆడ సంతకం అడగరు.”

అత్త ఒక రాయి ఏరి గ్యాలరీ బయటికి విసిరింది. నా బిందె నిండి కారిపోతున్నా నేను నల్లా కట్టేయలేదు.

“గేటుకాడ వాచ్‌మన్ ఉంటడా?”

బావ దానికి కూడా ఆలోచించాడు. ఉత్తినే అనడు కదా.

“ఉంటే నీ కింది మనిషే ఉంటడు.”

అత్త చేట దించింది. తలకొంగు సర్దుకుంది. ఊరు చేతికి వస్తే ఏం చేయాలో అప్పుడే తేల్చేసింది. బిల్డింగ్ కట్టడం అయిపోగానే తట్ట మోసిన ఆడవాళ్లను మొదట లోపలికి పంపాలి. వాళ్లు వంటగది, మోరీ, కిటికీ అన్నీ తిరిగి చూసుకున్నాకే మిగతావాళ్లు. ఇశ్రాయేలు వాళ్ల ఇండ్లు ఇశ్రాయేలు వాళ్లకే ఇద్దాం, నాకేం వద్దు, ఎవరు కట్టారో వాళ్లు ఉన్నారా లేదా అని మాత్రం నేను పోయి చూస్తా అన్నది. రాజు ఏమంటాడో అడగమన్నది.

బావ గొంతు సవరించుకుని, తట్ట మోసినవాళ్లు మొదట అని వాక్యంలో లేదు, వద్దని కూడా లేదు అన్నాడు. మా బావ నోటి నుంచి అంత వంగిన మాట రావడం నేను అదే మొదటిసారి విన్నాను.

ఆ ఆదివారం పటం మళ్లీ గోడకెక్కింది. అత్త ముందు వరసలో కూర్చుని రాజ్యం గది వచ్చేదాకా కునికింది. కింద నుంచి బజ్జీల అక్క అరిచింది, అవ్వా, నీ ఊర్ల నాకు కింది ఖోలీ ఇయ్యి, మెట్లెక్కలేను అని. అత్త రైలింగ్ మీదికి వంగి, బజ్జీలు పంపు, అడిగి చెప్త అన్నది.

మా చాల్ ఇంకా పడలేదు, టేపు పట్టుకున్నవాళ్లు మళ్లీ రాలేదు. మొన్న దాదర్ పెద్దాయన మా ఇంటికి వచ్చి పటం అంతా మెచ్చుకుని, రాజ్యం గది గేటు దగ్గర నీలి గీతలతో గీసిన చిన్న పీటను చూసి, ఇదేమిటి మేస్త్రీ, ఇది నేను చెప్పలేదే అన్నాడు. బావ తల గోక్కున్నాడు.

“అది మా అమ్మ కూసునేది, అయ్యగారూ. కుర్చీ గీస్తనంటే ఒద్దన్నది.”