మన కంప్రెసర్, మా కంప్రెసర్

ఊళ్లో ఫ్రిజ్‌లు బాగుచేసేవాళ్ళందరిలోకీ అబద్ధమాడని ఒకే ఒక్కడికి ఊరు పెట్టిన పేరు గ్యాస్ మాస్టారు. మిగతావాళ్ళు ప్లగ్గు ఊడిపోయినా సరే, తలుపు తెరిచి ఓసారి నిట్టూర్చి, "గ్యాస్ అయిపోయిందమ్మా" అనేవారు. ఈయన మాత్రం "గ్యాస్ నిక్షేపంలా ఉందండీ, ప్లగ్గు పెట్టుకోండి" అని చక్కా పోయేవాడు. ఇంత నిజం చెప్పేవాడు ఎక్కడో పెద్ద గ్యాసే కొడుతూ ఉంటాడని జనం తీర్మానించి ఆ బిరుదు ప్రదానం చేశారు. బిరుదులు అడిగి పుచ్చుకునేవి కావు, వద్దంటే వెనక్కి పోయేవీ కావు.

ముప్పై ఏళ్ళుగా ఆయన ఒక సర్వీస్ సెంటర్లో మెట్లకింద స్టూలు మీద కూర్చుని పనిచేశాడు. ఆ వృత్తికి ఒక శాపం ఉంది. బాగుపడిన ఫ్రిజ్ నోరెత్తదు. నోరెత్తనిదాన్ని ఎవరూ తలుచుకోరు. పాలు విరిగిననాడే మెకానిక్ గుర్తొస్తాడు, అదీ తిట్టడానికి. పైగా ఇన్నేళ్ళలో ఆయన చేతిమీదుగా వెళ్ళిన ప్రతి వస్తువూ ఎవరో చేసిందే. తాను చేసిందంటూ ఒక్కటీ లేదు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి ఇంటికి ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. ఇతగాడు బండి ట్యాంకుల మీదా హెల్మెట్ల మీదా ఎయిర్‌బ్రష్‌తో బొమ్మలు వేస్తాడు. ఎయిర్‌బ్రష్ అంటే పెన్నంత ఉండే తుపాకి. దానికి కావలసింది చుక్క రంగు, ఆగకుండా వచ్చే గాలి. రంగుకీ చేతికీ లోటు లేదు, చిక్కంతా గాలి దగ్గరే వచ్చింది. అతని పాత కంప్రెసర్ మొదలైతే మూడిళ్ళ అవతల గిన్నెలు కూడా వంత పాడేవి. ఇంటాయన ఆఖరి మాట చెప్పేశాడు: అదైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి.

బావమరిదికి 'మన' అనే మాట ఊతపదం. లోకంలో ఉన్నదంతా అతనికి మనదే. "మన టీ ఏది బావా?" అంటూ బావ కప్పు అందుకునేవాడు. "మన చెప్పులు ఇక్కడే ఉన్నాయే!" అంటూ బావ చెప్పులు తొడుక్కుని పోయేవాడు.

"బావా, మన అక్క ఏదీ?" అన్నాడు ఆ రోజు గడపలోంచే.

"నీకు అక్కరా నాయనా, నాకు కాదు. ఎవరైనా వింటే నన్ను తంతారు."

"అబ్బ, ప్రేమకొద్దీ అన్నాలే. మన పరిస్థితి చూశావా? ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నాడు. చప్పుడు లేని గాలి కావాలి బావా. ఎక్కడుంది చెప్పు?"

గ్యాస్ మాస్టారు వంటింట్లో ఫ్రిజ్ వైపు చూశాడు. అది పనిచేస్తోంది. పనిచేస్తున్నట్టు ఎవరికీ తెలియడం లేదు. ముప్పై ఏళ్ళ శాపం ఆ క్షణాన వరంలా కనబడింది.

ఒళ్ళంతా తుప్పు పట్టినా గుండె గట్టిగా ఉన్న ఫ్రిజ్ ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికింది. దాని అడుగునుంచి నల్ల కుండలాంటి కంప్రెసర్ని కోసి తీశాడు. గాలి నిలవ ఉండడానికి మంటలార్పే ఎర్ర సిలిండర్ తెచ్చి, కడిగి, నీళ్ళు నింపి, వాడబోయే ఒత్తిడికి రెట్టింపు ఎక్కించి, చుక్క కారదని తేలాకే దాన్ని నమ్మాడు. నీళ్ళ మోటారు నుంచి, గాలి నిండగానే కరెంటు ఆపే ప్రెజర్ స్విచ్, టైర్ల పంపు నుంచి మీటరు వచ్చి చేరాయి.

అప్పుడు కంప్రెసర్ తన బుద్ధి చూపించింది. ఫ్రిజ్‌లో ఉన్నంతకాలం దాని నూనె తిరిగి తిరిగి దాని పొట్టలోకే వస్తుంది. బయటి గాలి తగిలేసరికి గాలితోపాటు నూనె కూడా కక్కడం మొదలుపెట్టింది. నూనె పడ్డచోట రంగు అంటలేదు. బావమరిది వేసిన డేగకు రెక్కలనిండా పొక్కులు లేచాయి. గ్యాస్ మాస్టారు గొట్టం మధ్యలో ఒక ఇనుప సీసా బిగించి, నూనె పట్టడానికి అందులో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కాడు. ఆ పీచు ఎక్కడిదో ఆయన భార్యకు వారం తర్వాత తెలిసింది.

"ఏమండీ, నేను గిన్నెలు దేంతో తోముకోవాలి? మీ మీసంతోనా?"

సిలిండర్ నిండి ఆగిన కంప్రెసర్ మళ్ళీ లేవనని మొరాయించింది. ఆగగానే గొట్టంలో మిగిలిన గాలిని వదిలేసే చిన్న వాల్వు పెడితే దారికొచ్చింది. చివర్లో రాగి గొట్టం కొలత తప్పి జానెడు ఎక్కువ పొడుగు కోశాడు. మళ్ళీ కత్తిరించడానికి మనసొప్పక, ఒక చుట్టు తిప్పి బిగించేశాడు. ఆ చుట్టువల్ల నష్టం లేదు. లాభం అసలే లేదు.

మూడో నెలలో అన్నీ బిగించి స్విచ్ వేశారు.

"కరెంటు పోయిందా బావా?" అన్నాడు బావమరిది.

మీటరు ముల్లు నిశ్శబ్దంగా లేస్తోంది. నిండాక వాల్వు 'తుస్'మంది. దాని ఉపన్యాసం మొత్తం అంతే.

బావమరిది ఆయన్ని అమాంతం కౌగిలించుకున్నాడు. "మనం షాపు పెడుతున్నాం! ఇలాంటివి మనమే చేసి అమ్ముతున్నాం. బోర్డు నేనే రాస్తా. ఎడమపక్క నీ పేరు, కుడిపక్క నా పేరు."

"నా పేరెందుకురా" అన్నాడు గ్యాస్ మాస్టారు. ఆయన జీవితంలో ఆడిన అబద్ధాల్లో ఇది ప్రథమం.

మూడు వారాలు ఆ బోర్డుని మనసులో అన్ని రంగుల్లోనూ రాసి చూసుకుని, సర్వీస్ సెంటర్లో నెలాఖరుకి మానేస్తున్నానని చెప్పేశాడు. యజమాని రెండ్రోజుల్లో ఇంకో మనిషిని తెచ్చి పని నేర్పమన్నాడు. స్టూలు అతనికిచ్చి, ఈయన నిలబడి నేర్పుతున్నాడు. అప్పుడొచ్చింది ఫోను.

"బావా, ఒకసారి రాగలవా? మా కంప్రెసర్ వేడెక్కిపోతోంది."

గ్యాస్ మాస్టారు చేతిలోని స్పానర్ కొత్తవాడికి అందించాడు. 'మన' అన్నా 'మా' అన్నా ఒకటేనని వాదించే పండితుడెవరైనా ఉంటే ఆయనకింకా దెబ్బ తగల్లేదన్నమాట. 'మన'లో వినేవాడికి చోటుంది. 'మా' అంటే తలుపేసి, గడియ బిగించి, కిటికీలోంచి పలకరించినట్టు. నోరు జారిందేమోలే అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ స్కూటరెక్కాడు.

బోర్డు వేలాడుతోంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కుడిపక్క బావమరిది పేరు ఉంది. ఎడమపక్క ఉన్నది రంగుల డీలరు పేరు. లోపల తాను చేసిన కంప్రెసర్ పక్కన సరిగ్గా అలాంటివే మూడు కొత్తవి వరసగా నిలబడి ఉన్నాయి. మూడింటికీ రాగి గొట్టం శ్రద్ధగా ఒక్కో చుట్టు తిరిగి ఉంది.

"మెకానిక్కా? రండి" అన్నాడు డీలరు. "చూడండి గానీ ఆ చుట్టు జోలికి మాత్రం పోకండి. చప్పుడు రాని కిటుకంతా అందులోనే ఉంది. దానికోసం మావాడు ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నాడో!" అని బావమరిది వైపు తిరిగాడు. "ఈయన నీకు తెలిసినాయనేనా?"

"మా అక్క వాళ్ళాయన" అన్నాడు బావమరిది, చేతిలో డబ్బా మూత తుడుస్తూ. "ఫ్రిజ్‌లు బాగుచేస్తుంటాడు."

ఇన్నేళ్ళకు అక్క విషయంలో అతనికి వ్యాకరణం కుదిరింది.

గ్యాస్ మాస్టారు మోకాళ్ళమీద కూర్చుని కంప్రెసర్ ఒంటిమీద చెయ్యి వేశాడు. నూనె ఎండిపోయింది. ఇంకో వారం వదిలేస్తే పట్టేసి చచ్చి ఊరుకుంటుంది. వదిలేస్తే ఎవరికీ తెలియదు కూడా. కానీ తప్పు దానిది కాదు. సంచీలోంచి సీసా తీసి నూనె పోశాడు.

"ఫ్రిజ్ కంప్రెసర్‌కి నూనేంటి బావా?"

"ఇది ఫ్రిజ్‌లో లేదు కదండీ. నెలకోసారి చూసి పోసుకోండి."

"పోసుకోండా? ఎవరితో మాట్లాడుతున్నావ్ బావా?" అని నవ్వాడు బావమరిది.

"మీతోనే, పెయింటరుగారూ."

నవ్వు సగంలో ఆగింది. స్కూటరు దాకా వెంటపడ్డాడు. "ఆయన పెట్టుబడి పెట్టాడు బావా, పేరు వెయ్యకపోతే ఎట్లా? చెబుదామనే అనుకున్నా. నువ్వేమీ అనుకోవులే అని..."

"ఏమీ అనుకోవడం లేదండీ."

"అండీ ఏంటి బావా! తిట్టు. చెంప పగలగొట్టు. అండీ అనకు."

"వస్తానండీ" అన్నాడు గ్యాస్ మాస్టారు.

ఇంట్లో భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "షాపు చూశారా?" అంది.

ఎక్కడికి వెళ్ళిందీ ఆయన ఇంకా చెప్పలేదు.

"నీకు తెలుసా?"

ఆవిడ కొంగు చివర మెలిపెట్టింది. "వాడే చెబుతానన్నాడండీ. మధ్యలో నేనెందుకని..."

"నీకెప్పుడు చెప్పాడు?"

"మీరు పని మానేస్తున్నానన్నారే... దానికి ముందు ఆదివారం."

గ్యాస్ మాస్టారు చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"చిన్నవాడండీ, తెలియక చేశాడు."

"నలభై ఒకటి."

"రేపొచ్చి కాళ్ళమీద పడతాడు చూడండి. ఒక్కసారి 'ఏరా' అని పిలవండి, చాలు. వాడు బతికిపోతాడు."

"రానీ. కుర్చీ వేస్తా. టీ ఇస్తా. రండి, కూర్చోండి, బాగున్నారా అంటా. మర్యాదకేం లోటు చెయ్యను."

ఆవిడ గోడకు చేరబడింది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది.

"మరి నన్నేమని పిలుస్తారు?"

ముప్పై ఏళ్ళుగా ఆవిణ్ణి రోజుకు నూటొక్కసారి పిలిచిన మనిషి నోరు తెరిచాడు. ఆ నోటికి ఒక్క పిలుపూ దొరకలేదు.