ఎడమ చెవిలో మార్తమ్మ

గొంతునిచ్చిన దేవునికి, వినే చెవినిచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన సన్నిధిలో వరుసలు లేవు. వరుసలు మేము పెట్టుకున్నవి. అందులో నా చేతి పని ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1997లో నేను బెంగళూరులోని ఒక క్రైస్తవ రేడియో స్టూడియోలో రికార్డిస్టును. కాపురం హోసూరు పక్కన మూకండపల్లిలో. నా పైన సీనియర్ రికార్డిస్టు, ఆయన పైన కార్యక్రమ అధికారి. ఆ ఏడు సీనియర్ ఉద్యోగం ఖాళీ అయింది. నా పేరున్న ఫైలు అధికారి బల్ల మీద ఉంది. జూన్‌లో, వేప్పనపల్లి దగ్గర ఒక తెలుగు సంఘం చేసుకునే కోత పండుగ ఆరాధనను రికార్డు చేసుకు రమ్మని నన్ను పంపారు.

స్టూడియోకు అప్పుడే ఒక స్టీరియో కండెన్సర్ మైకు వచ్చింది. కండెన్సర్ మైకులో పలుచని పొర ఒకటి విద్యుత్తు మీద నిలిచి ఉంటుంది. ఆకు కదిలినా పట్టుకుంటుంది, గాలి తగిలినా గోల పెడుతుంది. అందుకే ఆరుబయట దానికి బొచ్చు తొడుగు వేస్తాం. మా మైకు ఒకే గొట్టంలో రెండు మైకులు. ఒకటి ఎదురుగా ఉన్నదాన్ని వింటుంది, రెండోది కుడి ఎడమల్ని. రెంటినీ కలిపితే హెడ్‌ఫోన్‌లో ఎవరు ఎటు నిలబడ్డారో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

మామిడి తోటలో పందిరి వేశారు. భూములున్న కుటుంబాల గాయక బృందం పందిట్లో, మధ్యలో. వాళ్ళ తోటల్లో కూలి చేసే కుటుంబాలు పందిరి బయట, అటూ ఇటూ. వాళ్ళూ బాప్తిస్మం పొందినవాళ్ళే. సంఘంలోకి వచ్చినవాళ్ళకు బట్టలు చూసి చోటు ఇవ్వకూడదన్న వాక్యం నేను సండే స్కూల్లోనే కంఠస్థం చేశాను. పందిట్లోవాళ్ళూ చేసే ఉంటారు.

బొచ్చు తొడుగు చూసి ఎడమ పక్కనుంచి ఒకామె నవ్వింది. "ఏమప్పా, పిల్లిని కర్రకు కట్టుకొచ్చినావే!"

ఆమె మార్తమ్మ. పరీక్ష కోసం ఒక పాట పాడించగానే సంగతి అర్థమైంది. మధ్యలోని బృందం ప్రతి చరణానికీ ఆమె ఎత్తుగడ కోసమే ఆగుతోంది. ఆమె ఎత్తుకున్నాకే వాళ్ళు అందుకుంటున్నారు.

ఆమెను మధ్యలో నిలబెట్టమని సంఘ పెద్ద జాకబప్పను అడిగాను. "వాళ్ళు యాడుండాల్నో ఆడే ఉంటారప్పా. నువ్వు మైకు చూసుకో, మనుషుల్ని మేము చూసుకుంటాం" అన్నాడు. పోనీ స్టాండును నాలుగు బారలు వెనక్కి జరుపుతాను, అప్పుడు పక్కలవాళ్ళు కూడా మైకుకు ఎదురుగా వస్తారన్నాను. "మా ఆడోళ్ళు కూర్చునే కాడ కర్ర నాటుతావా?" అన్నాడు. స్టాండును ఉన్నచోటే ఉంచాను.

రికార్డింగు అయ్యాక మార్తమ్మ దగ్గరికొచ్చింది. జవళగిరిలో ఆమె చెల్లెలు కాళ్ళు పడిపోయి మంచాన ఉందట. ఇద్దరూ చిన్నప్పుడు కలిసి పాడిన పాటేనట అది. "రేడియో పెట్టుకుని వింటానని చెప్పి పంపించింది. నా గొంతు వస్తాదా?" హెడ్‌ఫోన్ ఆమె తలకు పెట్టి వినిపించాను. ఎడమ చెవి మీద చెయ్యి వేసుకుని, "ఈ చెవిలోనే ఉండానే నేను!" అని నవ్వింది. తప్పక వస్తుందని చెప్పాను.

రాదని నాకు తెలుసు. మా ప్రసారం మీడియం వేవ్, అంటే మోనో, రెండు చెవుల్లోనూ ఒకటే. కుడి ఎడమలు ఒకటిగా కలిసినప్పుడు పక్కల్ని విన్న మైకు తనను తానే రద్దు చేసుకుంటుంది. ఎదురు మైకు విన్నదే మిగులుతుంది. స్టూడియోలో మోనో మీట నొక్కి విన్నాను. మార్తమ్మ గొంతు హార్మోనియం కిందికి దిగిపోయింది. దానికి మార్గం లేకపోలేదు. ఎడమ ట్రాకును మాత్రమే ప్రసారానికి పంపితే ఆమె వినపడుతుంది. ఒక్క మీట తిప్పితే చాలు.

అధికారితో చెప్పాను. పాట బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను. "మరి దాంట్లో చెయ్యి పెట్టేదెందుకప్పా? బృందం నిండుగా ఉంది. జాకబప్ప మనకు కావాల్సినోడు." ఆయన మోచేతి కింద నా ఫైలు ఉంది. మీట తిప్పలేదు. ఆగస్టులో నన్ను సీనియర్‌ను చేశారు.

సెప్టెంబరులో ఒక ప్రసంగం రికార్డు చేయడానికి మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. మార్తమ్మ ఎదురొచ్చింది. "'నువ్వు ఆడ పాడనే లేదు, అబద్ధం చెప్పినావు' అనిందప్పా నా చెల్లెలు. నేను పాడినాను గదా? నువ్వే చెవిలో పెట్టి వినిపించినావు గదా?"

ఆ రోజు జవళగిరి వైపు రేడియో సరిగా అందలేదేమో అన్నాను. అదీ అబద్ధమే. టేపు మా బీరువాలోనే ఉంది. హోసూరు నుంచి జవళగిరికి బస్సుంది. టేపు రికార్డరు తీసుకెళ్ళి ఆ చెల్లెలికి వినిపించి రావాలనుకున్నాను. అనుకోవడంతోనే సరిపెట్టాను. మరుసటి కోత పండుగ నాటికి ఆ చెల్లెలు చనిపోయింది.

ఆ ఏడు కూడా నన్నే పంపారు. అదే పందిరి, అవే వరుసలు. మార్తమ్మ ఎడమ పక్కన తన చోటులోనే నిలబడింది. నోరు తెరవలేదు. మధ్యలోని బృందానికి ఎత్తుగడ దొరక్క రెండుసార్లు పాట ఆగిపోయింది. జాకబప్ప నా దగ్గరికొచ్చి, "స్టూడియోలో సరి చేస్తావు గదప్పా?" అని మెల్లగా అడిగాడు. టేపులో లేని గొంతును స్టూడియోలో తీసుకురాలేమని చెప్పాను. ఆ ఊళ్ళో నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఆ తర్వాత పదవీ విరమణ చేసేదాకా, స్టాండు నాటిన ప్రతి చోటా మోనోలో విన్నాకే రికార్డింగు మొదలుపెట్టాను. నా కింద పనిచేసినవాళ్ళకూ అదే నేర్పాను. మైకుకు పెద్దా చిన్నా తెలియదు. దాన్ని ఎటు తిప్పామో అంతే తెలుసు. ఎవరు ఎక్కడ నిలబడాలో జాకబప్ప చెప్పాడు. ఎవరు వినపడకూడదో ఆయన చెప్పలేదు, అది నేనే తేల్చాను.

2008లో ఉద్యోగం చివరి ఏడు ఆ ఊరికి వెళితే పందిరి స్థానంలో రేకుల షెడ్డు ఉంది. కూలివాళ్ళు షెడ్డు బయటే, అటూ ఇటూ ఉన్నారు. చదివిన మీరు నాతో కలిసి ఒక్క ప్రార్థన చేయండి. నా క్షమాపణ కోసం వద్దు, అది నాకూ దేవునికీ మధ్య ఉన్న లెక్క. వాళ్ళను లోపలికి పిలిచే నోరు ఆ సంఘానికి ఇమ్మని అడగండి. ఆమేన్.