పట్టాకు రెండో కొస

పక్క కల్లం వాళ్ల పెద్దమ్మాయి ఎండబోసిన మిరపకాయలకు కాపలా ఉంటూ చెల్లెలికి ఒక పిల్లల నవల చదివి వినిపించేది. అందులో అక్కచెల్లెళ్లిద్దరు రాక్షసుడి కోటకు బయల్దేరతారు. వాళ్లు భయపడే ప్రతి చోటా ఆమె పుస్తకం మూసి, "నువ్వైతే ఏం చేస్తావే?" అని అడిగేది.

"ఇంటికి పారిపోతా" అనేది చెల్లెలు.

నేను పాలిటెక్నిక్ సెలవులకు వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం ఉరుములతో మబ్బు కమ్మింది. కాయ తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. మేం మా కాయలు కప్పుకుంటున్నాం. పక్క కల్లంలో గాలికి టార్పాలిన్ పట్టా ఆ పెద్దమ్మాయి ఒక్కదానికి లొంగడం లేదు. చెల్లెలు బండి కింద దూరింది.

ఆమె తిట్టలేదు. "నువ్వైతే ఏం చేస్తావే?" అని కేకేసింది.

ఆ పిల్ల ఏడుస్తూనే వచ్చి, రెండో కొస లాగి దానిమీద కూర్చుంది. చినుకులు మొదలయ్యేసరికి ఒక్క కాయ కూడా బయట లేదు.

"అక్కా, నీ వైపు లేస్తోంది. రాళ్లు పెట్టకుండా నన్ను చూస్తావేందే?"