పరగడుపు గోలీ

మా పెద్దమ్మ పోయింది. నాగిరెడ్డిపేట దగ్గరి మా ఊరి నుంచి ఎల్లారెడ్డికి, అక్కడి నుంచి కామారెడ్డికి తీసుకెళ్లేలోపే పరిస్థితి చేయి దాటిపోయింది. కడుపులో పుండు పడి రక్తం పోయిందన్నారు డాక్టరు. ఒక్కనాడైనా కడుపునొప్పి అనని మనిషి.

నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. మడుల్లో వంగి వంగి మోకాళ్లు అరగదీసుకుంది. అమ్మ మంచాన పడ్డ రెండేళ్లూ నాకు తలదువ్వి బడికి పంపింది కూడా ఆమే. ఆమె సద్దిలో సగం ఎప్పుడూ ఇంకొకరిది. "నాకు ఆకలైతలేదు, నువ్వు తిను" అనేది. అది పచ్చి అబద్ధమని అందరికీ తెలుసు, అయినా తినేవాళ్లం.

నిరుడు కామారెడ్డిలో మోకాళ్లు చూపిస్తే రెండు గోలీలు రాశారు. నొప్పిది తిన్నాక, ఇంకొకటి పొద్దున్నే పరగడుపున. ప్రతి నెలా నేనే కొనుక్కెళ్లి ఇచ్చేదాన్ని.

"ఈ పొద్దటి గోలీ ఎందుకు బిడ్డా?" అని అడిగింది ఒకసారి.

"గ్యాస్‌కు. వేసుకో పెద్దమ్మా," అన్నాను, బస్సు వస్తుందేమోనని చూస్తూ.

"నాకేం మంట లేదు. రాళ్లు తిన్నా అరుగుతది."

నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రోజూ నొప్పి గోలీలు మింగితే కడుపు లోపలి పొర బలం తగ్గుతుంది. అప్పుడు మన కడుపులోని ఆమ్లమే దాన్ని తొలిచి పుండు చేస్తుంది. ఈ గోలీ ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మంట లేకపోయినా పుండు పడొచ్చు. ఇంతే కదా! డాక్టరు నాకు చెప్పారు, నేను ఆమెకు చెప్పలేదు. మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లుంటే గోలీ చేతిలో పెట్టి ఊరుకోకండి.

పదకొండో రోజు గుంపు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె ఏడుస్తూ అంది: "మడిల దిగంగనే నాకు గుండెల మంట లేస్తుండె. అక్క తన పొద్దటి గోలీ నాకిస్తుండె. పొద్దెక్కినంక సల్లవడుతుండె."

"నాకు గూడ ఇచ్చింది," అంది ఇంకొకామె.

వాళ్లలోనూ నొప్పి గోలీలు మింగేవాళ్లున్నారు. అందుకని పెద్దమ్మకు చెప్పని మాట వాళ్లకు చెప్పాను. మొదటామె ముఖం పాలిపోయింది.

"గట్లయితే అక్క పానం మేం మింగినమా?"

"లేదమ్మా, తప్పు నాది."

ఆమె వినలేదు. ఫోటో ముందు విస్తరి వేశారు, ఇంకా వడ్డించలేదు. కొంగుముడి విప్పి, పెద్దమ్మ ఇచ్చినవాటిలో మిగిలిన ఒక్క గోలీని విస్తరి పక్కన పెట్టింది.

"బువ్వకు ముందుగాల ఏస్కో అక్కా."