నాన్న వంతు

డిసెంబరు వచ్చిందంటే ఏలూరులో మా వీధంతా గులాబి పువ్వులు వేగుతున్న వాసనే. అచ్చును పిండిలో ముంచి, కాగిన నూనెలో పెట్టి విదిలిస్తుంటే, బియ్యప్పిండీ పాలూ యాలకులూ కలిసిన ఆ తీపి గాలి ముక్కుకు తగలడమే తరువాయి, నేను ముప్పై దాటిన మనిషినన్న సంగతి మరిచి తాడేపల్లిగూడెంలోని మా పాత ఇంటికి వెళ్ళిపోతాను.

అప్పట్లో నాన్న కైకలూరు అవతల కొల్లేటి చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. మేత వేయించడం, నీళ్ళు పెట్టించడం, గట్ల మీద కాపలా చూసుకుంటూ అక్కడే షెడ్డులో ఉండేవారు. ఎప్పుడో ఇంటికొస్తే, చొక్కాలోంచి వచ్చే తవుడు వాసనను బట్టి తమ్ముడు నిద్రలోనే పోల్చుకునేవాడు. అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరే గానీ, ఇంటికి అసలైన హెడ్మాస్టరు మా మామ్మ, అంటే నాన్న తల్లి. అన్నానికి ముందు అందరం ఓ పాట పాడి ప్రార్థన చేస్తే తప్ప కంచం ముట్టనిచ్చేది కాదు. కొడుకు గొంతు లేని పాట పాటే కాదని రోజూ ఆవిడ గొణుగుడు.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆ గొణుగుడు ఆగింది. చీకటి పడే వేళకు నాన్న సిగ్నల్ కోసం ఇంజిన్ షెడ్డు కప్పెక్కేవారు. మేం స్పీకరు పెట్టి, ఫోనును ఆయన పీట మీద కూర్చోబెట్టేవాళ్ళం. చిక్కల్లా ఒక్కటే, మా గొంతు అక్కడికి చేరి ఆయన గొంతు ఇక్కడికి వచ్చేసరికి ఒక క్షణం ఆలస్యమయ్యేది, పాట కాస్తా కలగాపులగం అయిపోయేది. చివరికి మామ్మ తీర్పు చెప్పింది.

"మనం ఓ లైను పాడి ఆగుదామర్రా. ఆడి వంతు ఆణ్ణి పాడనివ్వండి."

అలా మా పాటల్లో నాన్న వంతు పుట్టింది. పాట సాగేది, అన్నం చల్లారేది, నాన్న గొంతు వెనకాలే కొల్లేటి పక్షుల అరుపులు మా వంటింట్లోకి వచ్చేసేవి, ఆ సందడిలో వేడి పులుసు కలుపుకుని తింటుంటే ఆయన మా పక్కనే ఉన్నట్టుండేది. విచిత్రమేమిటంటే, నిజంగా ఇంటికొచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా లైను పూర్తి కాగానే అందరం ఆగి ఆయన మొహం చూసేవాళ్ళం. "ఇక్కడే ఉన్నానుగా, పాడండర్రా!" అని ఆయన పడీ పడీ నవ్వేవారు.

ఒక ఏడు క్రిస్మస్ ఆరాధనలో పాడే అవకాశం మా కుటుంబానికి వచ్చింది. కొడుకుతో కలిసి గుడిలో మైకు ముందు నిలబడి పాడాలని మామ్మకు ఎన్నాళ్ళ నాటి కోరికో. అందరికీ వచ్చిన పాత పాటే ఎంచుకున్నా, వాకిట్లో కాగితపు నక్షత్రం కట్టిన నాటి నుంచీ మమ్మల్ని కూర్చోబెట్టి సాధన చేయించింది. తీరా పండగ ముందు రోజు నాన్న ఫోను చేశారు. పొద్దున్నే చేపలు పట్టాలట, ఐసు లారీ కూడా వచ్చేసిందట, రాలేనన్నారు. మామ్మ కొత్త చీర మడిచి పెట్టెలో పెట్టేసింది.

"ఆడు లేకుండా నేను మైకు ముందుకి రానర్రా," అంది. నేను ఏడ్చేశాను.

అమ్మ మాత్రం పొద్దున్నే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. "మా ఆయన ఫోనులోంచి పాడతారండీ. మైకు దగ్గర పెట్టనివ్వండి," అని అడిగింది. "పెట్టండమ్మా, మేమెవ్వరం ఎప్పుడూ వినలేదలాంటిది," అని ఆయన సరదా పడ్డారు. ఆ మాట చెప్పగానే మామ్మ చీర పెట్టెలోంచి బయటికొచ్చింది.

మేం మొదటి లైను పాడి ఆగాం. ఏమైందోనని జనం మెడలు సాచారు. అంతలో లౌడ్‌స్పీకరులోంచి వలలు లాగేవాళ్ళ కేకలతో సహా నాన్న గొంతు గుడంతా నిండింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో లైనూ అంతే. మూడో లైనులో మామ్మ వణికే గొంతుతోనే పైకెక్కి చక్కగా దిగింది. ఆగాం. ఫోను పలకలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాం. మామ్మ మొహం చిన్నబోయింది. నాన్న వంతు కాకుండా ముందుకెళ్ళడం మాకు చేతకాదాయె! అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఎవరో ఆ లైను అందుకున్నారు, మరుక్షణం గుడంతా అందుకుంది. ఇక చివరిదాకా మేమొక లైను, నాన్న బదులు ఊరంతా ఒక లైను. మామ్మ పాడుతూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అంత సంతోషంగా ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మామ్మ లేదు. ఆ పెంకుల గుడీ లేదు, బటన్ల ఫోన్లూ లేవు. అమ్మా నాన్నా నా దగ్గరే ఉంటారు. చింతలపూడిలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు సాయంత్రం ప్రార్థనకు వీడియో కాల్‌లో వస్తాడు. ఇప్పటి ఫోన్లలో ఆ ఆలస్యం తెలియడం లేదు, అయినా మేం లైను లైనుకీ ఆగుతూనే ఉన్నాం. మొన్న మళ్ళీ ఆ పాటే అందుకున్నాం. మూడో లైను దగ్గర నాన్న తన వంతు అందుకోలేదు. తమ్ముడు తెర మీద కంగారుపడ్డాడు.

"నాన్నగారండీ, వినబడుతోందా? సిగ్నల్ పోయిందా?"

"పోలేదురా. ఆ రోజూ పోలేదు," అన్నారు నాన్న కళ్ళు తుడుచుకుంటూ. "మైకులో మీ మామ్మ గొంతు వినేసరికి నాకే గొంతు పెగల్లేదు. మీరంతా నా వంతు పాడుతుంటే షెడ్డు మీద కూర్చుని మొత్తం విన్నాను."

అమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆ లైను మేమే అందుకున్నాం.