పసుపెక్కిన మందారమూ, కొత్త కోడలి పాదమూ

ఆ కాలంలో కొత్త కోడలు అత్తవారింట్లో అడుగుపెట్టాక జరిగే మంచికైనా చెడుకైనా ఆ అడుగుదే పూచీ. పాలు విరిగినా, మరిదికి జ్వరం వచ్చినా, పెరటి గోడ కూలినా ముందు అందరి చూపూ ఆమె కాళ్ళ మీదికే వెళ్ళేది. నా కాళ్ళు చూడడానికి బాగానే ఉండేవి (ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో వాటి వంక చూడబుద్ధి కాదు గానీ, అప్పట్లో బాగానే ఉండేవి). పెళ్ళయిన వైశాఖంలోనే శ్రీకాకుళం దగ్గర మా ఊరు వదిలి, రైలెక్కి ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టరుకి కాపురానికి వచ్చాను. మా ఆయన గూడ్సు బండి గార్డు. ఇంట్లో కంటే బ్రేకు వ్యానులోనే ఎక్కువ కాపురం చేసేవారు. అంచేత నా కాపురమంతా అత్తగారితోనూ, మామగారితోనూ, వరండా మీద సగానికి కోసిన నూనె డ్రమ్ములో పెరిగే ఎర్ర మందారంతోనూ గడిచింది.

ఆ మందారం మామూలు మొక్క కాదు. శుక్రవారం అమ్మవారికి దాని పువ్వు పెట్టందే అత్తగారు టీ చుక్క ముట్టేవారు కాదు. పక్క క్వార్టరులో ఉండే బెంగాలీ ఆవిడ, అందరం మాసీమా అని పిలిచే పెద్దావిడ, కాళీమాతకి మందారం, వాళ్ళ మాటలో జవాపువ్వు, కావాలని మంగళవారం, శనివారం ఇత్తడి గిన్నె పట్టుకుని వచ్చేది. నేను వచ్చిన కొన్నాళ్ళకే ఆ మొక్కకి నీళ్ళు పోసే పని నాకప్పగించారు. వంటింటి పెత్తనం ఇంకా ఇవ్వలేదు, మొక్కనిచ్చారు. అదొక పరీక్ష అని నాకు తెలుసు. నెగ్గి తీరాలనుకుని పొద్దున్నా సాయంత్రం చెంబులు చెంబులు పోసేదాన్ని. పోసిన నీళ్ళు డ్రమ్ము అడుగంచున ఉన్న చిల్లుల్లోంచి ఎర్రగా కారి, మెట్ల ముందున్న ముగ్గులోకి పోయేవి.

"ఏటే పిల్లా, సెట్టుకి పోసినావా, వరండా కడిగినావా? ముగ్గంతా బురద సేసీసినావు!" అని అత్తగారు ఓ పొద్దున్న గట్టిగానే కేకలేశారు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను (ఏడవడం నాకు అప్పట్లో చాలా తేలిగ్గా వచ్చేది). ఆ తర్వాత ఏమైందో గానీ కారడం ఆగిపోయింది. ఎంత పోసినా ఒక్క చుక్క బయటికి రాదు. నా చేతికి కొలత తెలిసిందనుకుని లోలోపల మురిసిపోయాను.

అప్పుడు మొదలైంది ఆకులు పండడం. ముందు కింది ఆకులు ఒకటీ రెండూ. అది పెద్ద విషయం కాదు, ముసలి ఆకు పండి రాలడం ఏ మొక్కకైనా ఉన్నదే. కానీ తర్వాత నడిమి ఆకులు పసుపెక్కాయి. ఆపైన మొగ్గలు విచ్చకుండానే రాలిపోవడం మొదలెట్టాయి. అత్తగారు నన్నేమీ అనలేదు. మొక్కతోనే మాట్లాడేవారు, నాకు వినిపించేటట్టు. "ఏటమ్మా, నీకేటయినాది? మొన్నటి దాకా కళకళ్ళాడినావు గదా. ఏ పాదం తగిలినాదో నీకు!"

నెల తిరిగితే ఆషాఢం, నన్ను పుట్టింటికి పంపుతారు. ఖరగ్‌పూర్‌లో మూడిళ్ళకొకటి మా వైపు వాళ్ళదే. 'పాదం మంచిది కాదు' అన్న మాట ఒకసారి బయటపడితే నాకంటే ముందు రైలెక్కి మా ఊళ్ళో దిగుతుంది. మా అమ్మ వీధిలో తలెత్తుకోలేదు. ఆషాఢం వచ్చేలోగా ఆ ఆకులు పచ్చబడి తీరాలి.

ఇక వైద్యాలు. ఒకరు టీ పిప్పి వెయ్యమన్నారు, ఒకరు ఇంజను బొగ్గు బూడిద చల్లమన్నారు. గోల్‌బజార్లో చేపలమ్మే దీదీ చేపలు కడిగిన నీళ్ళు పొయ్యమంది. పోశాను. ఖరగ్‌పూర్ పిల్లులన్నీ మా వరండాకి మకాం మార్చాయి. పురుగేమో అని ఒక్కో ఆకూ తిరగేసి చూసి, కనపడకపోయినా పొగాకు నానేసిన నీళ్ళు చల్లాను. అత్తగారు నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కొమ్మకి వేలాడదీశారు. మధ్యాహ్నం ఎండకి మొక్క తలవేలేస్తే, పాపం దాహమేమోనని నేను ఇంకో చెంబు పోసేదాన్ని. వేళ్ళు నీళ్ళలో కుళ్ళుతున్న మొక్క కూడా అచ్చం దాహం వేసినదానిలాగే వాడిపోతుందని నాకెవరు చెప్పారు కనక!

మామగారు మాత్రం నోరు విప్పేవారు కాదు. ఆయనది రైల్వే వర్క్‌షాపులో, బాయిలర్ల దగ్గర పని. ఆయన ఉద్యోగమంతా కారడం మీద యుద్ధమే. ఇంట్లో కొళాయి బొట్టు రాల్చకూడదు, బకెట్టు చెమ్మగిల్లకూడదు. మాసీమా కెటిల్ కూడా ఆయన చేతిలో పడి బాగుపడిందే. సైరన్ కూశాక ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వెదురు మోడా మీద కూచుని మొక్క వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసేవారు. ఈయన కూడా నా పాదాలే చూస్తున్నారు కాబోలని చీర కుచ్చిళ్ళు ఇంకాస్త కిందికి లాక్కునేదాన్ని.

ఓ శనివారం సాయంత్రం మాసీమా గిన్నెతో వచ్చింది. ఒక్క పువ్వు లేదు. అప్పుడు అత్తగారు ఇన్నాళ్ళూ మొక్కకి చెప్పిన మాట మనిషికే చెప్పేశారు. "ఈ పిల్ల అడుగెట్టినాకే ఇలాగయినాది దీదీ. ఆషాఢానికి ఆలమ్మ వొస్తాది గదా, మొకం మీదే సెప్తాను." నేను గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. కన్నీళ్ళు చెంబులోనే పడుతున్నాయి.

మాసీమా ఆ మాట పట్టించుకోలేదు. మట్టిలోకి వేలు పోనిచ్చింది. వేలు మొదలంటా దిగిపోయింది. తీసి వాసన చూసి ముఖం చిట్లించింది. "ఎతొ జల్! మిట్టీ సడ్ గయా దీదీ. పానీ నికల్తా కిధర్ సే?" అంది. ఇన్ని నీళ్ళా, మట్టి కుళ్ళిపోయింది, నీళ్ళు పోయే దారేదీ అని.

"అడుగున సిల్లులున్నాయి గదేటి" అంటూ అత్తగారు వంగి చూశారు. చిల్లులు లేవు. ఒక్కో చిల్లు ఉన్నచోట ఒక్కో బోల్టు, దానికో వాషరు, చుట్టూ ఎర్రటి పుట్టీ నున్నగా మెత్తి ఉంది. ఆవిడ మెల్లగా లేచి నా వైపు తిరిగారు. "ఇదీ నీ పనేనేటే?" (నట్టుకీ బోల్టుకీ తేడా తెలియని నన్ను!)

మోడా మీంచి దగ్గు వినిపించింది. మామగారు లేచి నిలబడ్డారు.

"అమ్మాయి పని కాదది. నాను మూసినాను. ముగ్గు పాడయినాదని ఆ పిల్లని ఏడిపించినావు. కారతన్నాది గదా, కారకండా సేస్తే తిట్లు తప్పుతాయనుకున్నాను. కారకండా సెయ్యడవే నాకొచ్చు. సెట్టుకి నీల్లు కారాలని నాకేటి తెలుసు? అనాలంటే నా సేతిని అను. ఆ పిల్ల పాదాన్ని ఎందుకంటావు?"

ఆయన అంతసేపు మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నాకు ఏడుపు ఆగిపోయింది. అత్తగారు పకపకా నవ్వడం మొదలెట్టారు. "విన్నావా దీదీ! ఓలమ్మో! పెల్లయిన కాడ్నించీ ఈ మడిసి తప్పు తనదని అనడం ఇదే మొదలు!" అని గోడ అవతలి వాళ్ళకి కూడా వినిపించేటట్టు చెప్పారు. ఆ సంతోషంలో నా పాదం సంగతి పూర్తిగా మరిచిపోయారు. ఆ తర్వాత ఎవరొచ్చినా చెట్టుకి బోల్టులు బిగించిన బాయిలరు మనిషి కథే. ఆయన నవ్వుకుంటూ పడేవారు, పాపం.

ఆ సాయంత్రమే మామగారు పానా తెచ్చి బోల్టులు విప్పారు. నల్లటి నీళ్ళు కంపు కొడుతూ బయటికొచ్చాయి. మొక్కని జాగ్రత్తగా పెకలించి, మెత్తబడి నల్లబడిన వేళ్ళు కత్తిరించి, అడుగున ఇటుక ముక్కలు పరిచి, ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటాం. డ్రమ్ము కింద ఇటుకలు పెట్టి ఎత్తాం. కొన్నాళ్ళు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటెండకి జరిపాం. వేలు పెడితే పైమట్టి ఆరి కనిపిస్తేనే నీళ్ళు. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు పేరెత్తకూడదు, ఆ తర్వాత మాగిన పేడ ఓ గుప్పెడు. నేను మాత్రం పొద్దున్నే లేచి పసుపు ఆకులు పచ్చబడ్డాయా అని చూసుకునేదాన్ని. "పండిన ఆకు మల్లీ పచ్చబడదమ్మా, రాలిపోనీ. కొనలు సూడు" అనేవారు మామగారు.

ఆషాఢం వచ్చింది. మా అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. మొక్క ఆకులన్నీ రాల్చేసి పుల్లల్లా నిలబడి ఉంది, కొనల్లో గోరంత చిగుళ్ళు తప్ప ఏమీ లేదు. అత్తగారు స్టేషను దాకా వచ్చారు. రైలు కదిలే ముందు కిటికీ దగ్గరికొచ్చి మా అమ్మ చెయ్యి పట్టుకున్నారు. నేను మళ్ళీ కుచ్చిళ్ళు కిందికి లాక్కున్నాను.

"మా సెట్టు బాగున్నాది వొదినా" అన్నారు.

అంతే. రైలు ప్లాట్‌ఫారం దాటాక మా అమ్మ నా వైపు తిరిగి, "ఏ సెట్టే?" అని అడిగింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని బాలాసోరు దాకా నవ్వుతూ ఏడ్చాను.

ఇప్పుడు నా కుండీల్లో ఆకు పండితే కంగారు పడను, ముందు మట్టిలో వేలు పెట్టి చూస్తాను. అప్పుడప్పుడు మాత్రం గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. నీ పాదానికేం లేదే తల్లీ, ఆ నీళ్ళు ఇక చాలించు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదనుకోండి. 'అలాగేనండీ' అని బుద్ధిగా తలూపి, నేనిటు తిరగ్గానే ఇంకో చెంబు పోసేది.